మొదట ఊరిన నూనె

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది నా కూతురి ఊపిరి ఆగిపోతుందేమోనని. ఇంకే భయమూ దీని ముందు నిలవదు. అది పడుకున్నప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. రొట్టె కాలుస్తూ పొయ్యి వదిలి వచ్చి మరీ చూస్తాను. మా ఆయన బిహీ ఎగతాళి చేసేవాడు. "నువ్విలా కాపలా కాస్తే దానికి ఊపిరి తీసుకోవడానికే సిగ్గేస్తుందే" అనేవాడు. ఇప్పుడు ఆ ఎగతాళి మానేశాడు. ఎవరి వల్ల మానేశాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. నెమ్మదిగా ఆలోచించి రాయమని నాకెవరూ చెప్పనక్కర్లేదు. నోరు తెరవాల్సిన చోట నెమ్మదిగా ఉన్నందుకే ఇంత జరిగింది.

మా కొండ ఊరు ఇగీర్‌లో నూనె తీసే మా ఆడవాళ్ల సంఘం రోడ్డు వారనే ఉంటుంది. గోడ మీద మూడు భాషల్లో పేరు, పక్కన నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. లోపల ఇరవై మందిమి నేల మీద చాపలేసుకుని కూర్చుంటాం. కాళ్ల మధ్య ఒక రాయి, చేతిలో ఒక రాయి, రెంటి నడుమ మా కొండల్లో పెరిగే అర్గాన్ చెట్టు కాయ. పెంకు పగలాలి, లోపలి పప్పు నలగకూడదు, వేలు చితకకూడదు. ఈ మూడూ ఒక్క దెబ్బలో జరగాలి. ఆడవాళ్ల సంఘమే గానీ తాళంచెవుల గుత్తి మాత్రం మగవాడి నడుముకే ఉండేది. ఆయన పేరు ముబారక్, మర్యాదకి సి ముబారక్ అంటాం, మా అధ్యక్షురాలి అల్లుడు. ఆ అధ్యక్షురాలు పండక్కి ఒకసారి, సంతకానికి ఒకసారి వచ్చేది.

నేను తొమ్మిదో తరగతి దాకా పట్నంలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదివాను. నాన్న బావి తవ్వుతూ నడుము విరగ్గొట్టుకున్నాక మేకల్ని చూసేవాళ్లు లేక నన్ను ఇంటికి తెచ్చారు. పుస్తకాలు ఇచ్చేశాను గానీ సైన్సు నోటుబుక్కు ఒకటి దాచుకున్నాను. అందులో సగం పేజీలు ఖాళీ. ఆ సగం పేజీల మీద నాకు ఇప్పటికీ కోపమే, అది వేరే సంగతి.

ఇక లల్లా తూదా. లల్లా అంటే పెద్దావిడను మర్యాదగా పిలిచే పిలుపు. డెబ్బై దాటిన మనిషి. మొగుడు పోయి ముప్పై ఏళ్లు, పిల్లలు లేరు. ఊళ్లో ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఒంటికి రాసే నూనె ఆవిడ చేతిదే. బాలింతకు పెట్టే అమ్లూ కూడా ఆవిడే చేసేది. బాదం వేపి, తేనె పోసి, అర్గాన్ నూనె కలిపి తన తిరగలి మీద పట్టి తెచ్చేది. ఆవిడ బతుకంతా ఆ రెండు చేతులే. నా తిలీలా పుట్టినప్పుడు మొదటి నలభై రోజులూ దాని ఒళ్లు రుద్దింది ఆవిడే. ఆ నలభై రోజులే నేను కాస్త నిద్రపోయింది.

చేత్తో నూనె తీయడం చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి, లేకపోతే నా కోపం అర్థం కాదు. తినే నూనెకైతే పప్పును మట్టి పెంకు మీద వేపుతాం. తిరగలిలో వేస్తే ముదురు రంగు పిండి జావలా కారుతుంది. దాన్ని గిన్నెలోకి తీసి గోరువెచ్చని నీళ్లు చిలకరిస్తూ పిసకాలి. గంట పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పిసికి పిసికి భుజాలు పడిపోయాక, ఉన్నట్టుండి పిండి గట్టిపడి చేతిని వదిలేస్తుంది, నూనె పిండిని వదిలేస్తుంది. మిగిలిన చెక్క మేకలకు కొంచెం, బట్టలుతకడానికి కొంచెం. నీళ్లలో నురగ వస్తుంది గానీ నోట్లో పెడితే విషంలా చేదు. ఆ నురగా ఆ చేదూ ఒకే పదార్థం వల్ల వస్తాయని మా సైన్సు టీచరు చెప్పింది. పెంకు పొయ్యిలోకి, పైతొక్క మళ్లీ మేకలకే.

గిన్నెలో మొదట ఊరిన నూనెను పిసికిన మనిషి నాకదు. అక్కడున్నవాళ్లలో అందరికన్నా చిన్న నాలిక ఎవరిదో చూసి, వేలి కొసన ఒక్క చుక్క దాని మీద పెడతారు. ఆ తర్వాతే పెద్దలు రొట్టె అద్దుకోవడం. మా అమ్మ నా నోట్లో అలాగే పెట్టింది, వాళ్లమ్మ ఆవిడ నోట్లో పెట్టింది. పిల్ల పెదాలు చప్పరిస్తే నూనె బాగున్నట్టు.

సంఘానికి బస్సుల్లో చూడ్డానికి వచ్చేవాళ్లు పావుగంట కంటే ఉండరు. పావుగంటలో ఏ తల్లి చేతికీ నూనె రాదు. అందుకని సి ముబారక్ ఒక ఏర్పాటు చేశాడు. లోపల మిషను గదిలో తనే పిండి కలిపి, పొద్దున్నే గిన్నెలో పెట్టి తెచ్చి లల్లా తూదా ముందుంచేవాడు. ఆవిడని గుమ్మం ఎదురుగా, గోడ మీది బొమ్మ కిందే కూర్చోబెట్టాడు. ఆవిడ తిరగలి కాసేపు తిప్పాలి, తర్వాత ఆ గిన్నెలో చేయి పెట్టాలి. రెండు పిసుకులకే నూనె కారేది.

మొదటి రోజే లల్లా తూదా గిన్నెలోకి వంగి చూసి, "ఇదేంటి సి ముబారక్, నేను చెయ్యి పెట్టకముందే చెమట కక్కుతోంది?" అంది.

"కొత్తరకం మిషను పిండి లల్లా. నీ కష్టం తగ్గిద్దామని."

"నా కష్టం ఎక్కువైందని నీతో ఎప్పుడన్నాను నాయనా? ఇది పిండి కాదు, ఏదో అబద్ధమాడుతోంది."

నా పక్కనుండే యమ్నా నోరు ఊరుకోదు. "పెళ్లినాటి పెళ్లికొడుకు మొహంలా ఉంది లల్లా! ముట్టుకోకముందే చెమటలు" అంది. రాళ్లు ఆపి అందరం నవ్వాం. లల్లా తూదా కూడా నవ్వింది. పిండి వాసన చూసింది. వేపిన గింజల కమ్మటి వాసన. "వేపుడైతే బాగానే వేపాడు" అనుకుని పనిలో పడింది.

అది జూన్ నెల. అడవి మూసి ఉంది. కాయలు పసుపెక్కే కాలంలో మా పెద్దలు అడవి మూసేస్తారు. అగ్దాల్ అంటాం. మళ్లీ తెరిచామని చాటింపు వేసేదాకా ఎవరూ కాయ ఏరకూడదు, మేకలు తోలకూడదు, చెట్టుకి కర్ర తగలకూడదు. ఆ రోజుల్లో సంఘం పని తప్ప ఇంకో పని ఉండదు. కాబట్టి పిల్లలతో సహా అందరం అక్కడే. తిలీలాకు పది నెలలు. పాకడం వచ్చిన దగ్గర్నుంచి అది నా దగ్గర కంటే లల్లా తూదా చుట్టూనే తిరిగేది.

ఆ ఏర్పాటు మొదలైన తొలి రోజుల్లోనే ఒక పొద్దున పెద్ద బస్సు వచ్చింది. లల్లా తూదా గిన్నెలో రెండు పిసుకులు పిసికింది, నూనె ఊరింది. తిలీలా పాక్కుంటూ వెళ్లి ఆవిడ మోకాలు పట్టుకుని లేచి నిలబడింది.

"వచ్చావా నా దొరసానీ? రా, నీ వంతే" అని వేలు ముంచి దాని నాలిక మీద పెట్టింది. నా పిల్ల చప్పరించింది. వచ్చినవాళ్లంతా మురిసిపోయారు.

సి ముబారక్ చప్పట్లు కొట్టాడు. "మళ్లీ పెట్టు లల్లా! మొహం ఇటు తిప్పు. పాపను కొంచెం ఎత్తు."

మళ్లీ పెట్టింది. ఎర్రటోపీ పెట్టుకున్న ఒకామె తన ఫోన్ తెరుచుకోలేదని బతిమాలింది. మూడోసారీ పెట్టింది.

"ఆచారం ఒక్క చుక్కే సి ముబారక్. మూడు చుక్కలైతే అది భోజనం" అంది లల్లా తూదా.

"ఈ పూటకి భోజనమే పెట్టు, ఏం పోయింది?" అన్నాడాయన. నవ్వాడు. ఆ గిన్నెలో ఏముందో కలిపిన మనిషికి తెలుసు. తెలిసి నవ్వాడు. నేనూ నవ్వాను, నాకు తెలియక.

అరగంట కాలేదు. పిల్ల పెదాలు ఉబ్బాయి. మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. రెండుసార్లు కక్కింది, గౌను ముందంతా తడిసింది. తర్వాత ఊపిరిలో ఈల మొదలైంది. నేను ఎన్నో రాత్రులు చీకట్లో ఊహించుకుని చెవులు మూసుకున్న చప్పుడే అది. మా ఊళ్లో కారున్నది సి ముబారక్‌కే. ఆయనే తోలాడు. ఆ మాట దాచను, వేగంగానే తోలాడు.

పట్నం ఆసుపత్రిలో సూది వేశారు, మూతికి గొట్టం పెట్టారు. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "ఏం పెట్టారు పిల్లకి?" అనడిగింది.

నేను నోరు తెరిచేలోగా సి ముబారక్ చెప్పాడు. "ఇంట్లో చేసిన నూనెండీ. ఊళ్లో ఒక ముసలావిడ పెట్టింది. పెద్దావిడ, చేతులు సరిగ్గా కడుక్కోదు. ఎన్నిసార్లు చెప్పినా వినరు వీళ్లు."

అది ఇంట్లో చేసిన నూనె కాదు. నాకు తెలుసు. కానీ నా కళ్లు ఆ గొట్టం మీద ఉన్నాయి, నా చెవులు ఆ ఈల మీద ఉన్నాయి. నోరు మూసుకున్నాను. అంతకన్నా పాపం, ఆ మాట నమ్మడం మొదలుపెట్టాను. ఎవరో ఒకరి తప్పు కావాలి కదా. ఆ ముసలి చేతుల గోళ్ల కింద నల్లటి గీతలు కళ్లముందు కనబడ్డాయి. యాభై ఏళ్లు పెంకులు పగలగొట్టిన చేతులకు ఆ గీతలు పోతాయా?

మర్నాడు మధ్యాహ్నం పిల్లను తీసుకుని ఊళ్లో దిగాను. సంఘం గేటు దగ్గర లల్లా తూదా నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో, చెప్పుల మీద దుమ్ము పేరుకుంది.

"బతికిందా ఇల్లీ? నా బంగారం బతికిందా?" అని చేతులు చాచింది. ఇల్లీ అంటే మావైపు పెద్దవాళ్లు కన్నకూతుర్ని పిలిచే పిలుపు.

"ముట్టుకోకు!" అన్నాను. "నీ మురికి చేతులు నా పిల్ల మీద పడనీయను. ఇంక ఏ పిల్ల మీదా పడనీయకూడదు."

అందరూ విన్నారు. యమ్నా రాయి ఆపింది. లల్లా తూదా రెండు చేతులూ పైముసుగు లోపలికి లాక్కుని నడుచుకుంటూ వెళ్లిపోయింది. మర్నాటినుంచి గుమ్మం ఎదుట తిరగలి దగ్గర ఇంకో మనిషి కూర్చుంది.

మూడు రోజులయ్యాక పిల్లను మళ్లీ డాక్టరమ్మకు చూపించాలి. సి ముబారక్ కారు తాళం వేలికి తగిలించుకుని ఊపుతూ వచ్చాడు. రెండో చేతిలో కాగితం.

"ఏం లేదు కల్తూమ్. ఆసుపత్రివాళ్లు రాసుకుంటారు కదా, రేపు సంఘం మీదికి రాకుండా. సంతకం పెట్టు, బయల్దేరదాం."

యమ్నాకి చదువు రాదు, బొటనవేలు వేసేది. ఆమె వేసుంటే ఎవరూ తప్పు పట్టరు. నాకు చదువొచ్చు. ప్రతి అక్షరం చదివాను. లల్లా తూదా తన ఇంట్లో తీసిన నూనెను సంఘంలోకి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా నా పిల్లకు తాగించిందని ఉంది. ఎవరికీ చెప్పకుండానట! ముప్పైమంది ఫోన్లలో ఆ బొమ్మ ఉంది. చదివాను, తాళంచెవి వైపు చూశాను, సంతకం పెట్టాను. గుండ్రంగా, అందంగా పెట్టాను. హాస్టల్లో నా చేతిరాతకు మెప్పు వచ్చేది.

ఆ తర్వాత పది రోజుల్లో ఊరు మారిపోయింది. బిహీ మేనత్త కోడలు ప్రసవిస్తే లల్లా తూదాకు కబురు వెళ్లలేదు, పట్నం దుకాణం నుంచి సీసా తెప్పించారు. ఆవిడ దగ్గర అప్పటికే తీసుకున్న నూనెను ఇద్దరు ఆడవాళ్లు మేకలకు పెట్టే చెక్కలో పోసేశారని విన్నాను. ఒకామె నాతో, "నీ పుణ్యమా అని మా పిల్లలు బతికిపోయారే" అంది. ఆ మాట అన్నప్పుడు కూడా నేను తల ఊపాను.

గౌను నా కళ్లు తెరిపించింది. ఆ రోజు పిల్ల కక్కిన గౌను. సబ్బుతో ఉతికాను, ఎండలో వేశాను. బాదం వేపిన వాసన పోలేదు. మళ్లీ ఉతికాను. పోలేదు. మూడోసారి బూడిద నీళ్లలో నానబెట్టి ఉతికి, చేతిలో పట్టుకుని గోడ వార కూర్చున్నాను. మా నూనె వాసన నాకు పుట్టినప్పటినుంచి తెలుసు. బట్టకు అంటితే నాలుగు రోజులకు గాలి తగిలి ముక్కిపోయిన కంపు కొడుతుంది. గాలిలోని ఆక్సిజన్ నూనెను మెల్లగా కొరుక్కు తింటుంది, అంతే. ఇది ముక్కిపోలేదు. కొత్తగా, కమ్మగా, సిగ్గులేకుండా అలాగే ఉంది.

అప్పుడు రంగు గుర్తొచ్చింది. గిన్నెలో ఊరిన నూనె లేత పసుపు. వేపని పప్పు నూనె రంగు అది. ఒంటికి రాసుకోవడానికి అమ్మేది, దానికి వాసన దాదాపు ఉండదు. వేపితేనే పప్పులోని చక్కెరలూ మాంసకృత్తులూ కలిసి మాడి ముదురు రంగు, వేపుడు వాసన పుడతాయి. రెండూ కలిసే పుడతాయి. రంగు రాకుండా వాసన ఎక్కడినుంచి వచ్చింది? నోటుబుక్కు తెరవక్కర్లేదు, నాకు నోటికొచ్చిన పాఠం. నా కళ్లముందే జరిగింది. మూడుసార్లు జరిగింది.

మర్నాడు ఊడ్చే వంతు అడిగి తీసుకుని మిషను గదిలోకి వెళ్లాను. చెక్క బస్తాల వెనక నీలం ప్లాస్టిక్ డబ్బా. దాని మీద ఫ్రెంచిలో ఉంది: వేపిన బాదం పరిమళం. సబ్బులకు, కొవ్వొత్తులకు. మింగరాదు. పిల్లలకు అందకుండా ఉంచాలి. పక్కనే మిషనులో పిండగా మిగిలిన చెక్క, ఒంటికి రాసుకునే నూనె డ్రమ్ము, కలపడానికి కర్ర గరిటె. గరిటె ఇంకా తడిగా ఉంది. మిగిలిన చెక్కలో నీళ్లూ ఆ నూనే పోసి, పైన ఈ సెంటు. అదీ బస్సువాళ్లకు చూపించే మా అమ్మమ్మల కాలంనాటి చేతినూనె.

సిమెంటు సంచీ కాగితం చింపి, డబ్బాలోది ఒక చుక్క, మధ్యాహ్నం రొట్టెకని తెచ్చుకున్న మా ఇంటి నూనె ఒక చుక్క పక్కపక్కన వేసి కిటికీలో ఎండకు పెట్టాను. మధ్యాహ్నానికి మా నూనె మరక వెలుతురు కనబడేలా అలాగే ఉంది. రెండోది దాదాపు ఆరిపోయింది, వాసన మాత్రం గదంతా నిండింది. నూనె అలా ఎగిరిపోదు. నా పిల్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది ఇదన్నమాట.  

డబ్బా చంకలో పెట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. బస్సువాళ్లు ఉన్నారు. సి ముబారక్ సీసాలు చూపిస్తున్నాడు.

"ఏంటి కల్తూమ్, ఊడ్చడం అయిందా?"

"అయింది. మొదటి చుక్క మీ నాలిక మీద పెడదామని వచ్చాను. నాలిక చాపండి."

ఆయన మొహంలో రంగు మారింది గానీ గొంతు మారలేదు. వచ్చినవాళ్లతో ఫ్రెంచిలో, "నన్ను దీవిస్తానంటోంది, ఇక్కడి ఆచారం" అన్నాడు. వాళ్లు ముచ్చటపడ్డారు.

"అబద్ధం" అన్నాను, నేనూ ఫ్రెంచిలోనే. నా ఫ్రెంచి తొమ్మిదో తరగతిది, ఆ పూటకి సరిపోయింది. "ఇది సబ్బుల్లో కలిపే సెంటు. గిన్నెలో ఉన్నది ఇదే. మీలాంటివాళ్ల ఫొటోల కోసం నా పది నెలల పిల్లకు మూడుసార్లు నాకించాడు. అది ఊపిరాడక ఆసుపత్రిలో పడింది."

గదిలో రాళ్ల చప్పుడు ఆగిపోయింది. ఒకావిడ చేతిలోని సీసా బల్ల మీద పెట్టేసింది. సి ముబారక్ నా చంకలోంచి డబ్బా లాక్కున్నాడు. బల్ల సొరుగు తీశాడు. ఆ కాగితం తీశాడు.

"చదువు" అన్నాడు మా భాషలో. "గట్టిగా చదువు. చదువుకున్నదానివిగా."

నేను చదవలేదు. ఆయనే చదివాడు, లల్లా తూదా పేరు దగ్గర ఆగి ఆగి. నా సంతకం అందరికీ చూపించాడు. "అప్పుడన్నా అబద్ధం ఆడుండాలి, ఇప్పుడన్నా ఆడుతుండాలి. ఎప్పుడో మీరే తేల్చుకోండమ్మా. తేల్చుకోవడం అయ్యాక పని చేసుకోండి."

యమ్నా వైపు చూశాను. నాలుగేళ్లు నా పక్కన కూర్చున్న మనిషి, పెళ్లికొడుకు చెమటలని నవ్వించిన మనిషి. ఆమె తల వంచుకుని రాయి ఎత్తింది. ఒక్క కాయ పగిలింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఇరవై మందీ. నేను ఏమన్నా ఆ చప్పుడులో వినబడేది కాదు.

అక్కణ్ణించి నేరుగా లల్లా తూదా ఇంటికి వెళ్లాను, పిల్లను ఎత్తుకుని. తలుపు తట్టాను. చాలాసేపు తట్టాను, ఆవిడకి చెవులు తక్కువ.

"ఎవరు?"

"నేను లల్లా, కల్తూమ్‌ని."

"ఏ కల్తూమ్? సంతకం పెట్టిన కల్తూమా?"

తలుపు సగం తెరిచింది. తిలీలా ఆవిడని చూడగానే రెండు చేతులూ చాచి ముందుకు దూకబోయింది. లల్లా తూదా చేతులు పైముసుగు లోపలే ఉన్నాయి.

"ఎత్తుకో లల్లా" అన్నాను.

"చేతులు కడుక్కోలేదు."

పిల్ల ఏడుపు మొదలెట్టింది. ఆ గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను, డబ్బా సంగతి, సెంటు సంగతి, రంగు సంగతి. విన్నది. 

"పిండి అబద్ధమాడుతోందని మొదటి రోజే అన్నాను. మీరంతా నవ్వారు."

"తప్పంతా వాడిది లల్లా."

"వాడి తప్పు వాడిది. నా తప్పు ఒకటుంది. మొదటి చుక్క పిసికినవాళ్లు నాకకూడదని కూర్చున్నాను చూడు, అది ఇంటి గిన్నెకి పెట్టిన ఆచారం. పప్పు మనం వేపి, మనం విసిరి, మనం పిసికితే ముందు నాకి చూడాల్సిన పనేముంది? ఎవడో కలిపి తెచ్చిన గిన్నె అది. ముందు నేను నాకి ఉండాల్సింది. నా నోరు వాచినా ఎవరికీ నష్టం లేదు." ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇంక నీ సంతకం సంగతి నన్నడక్కు. అది నేను పెట్టలేదు."

ఆవిడ భుజం మీదుగా లోపలికి చూశాను. తిరగలి పైరాయి ఊడదీసి గోడకి ఆనించి ఉంది. పొయ్యిలో బూడిద చల్లగా, తెల్లగా ఉంది. వంట చేసి ఎన్ని రోజులైందో. అడిగేలోగా తలుపు వేసేసింది.

నన్ను పనిలోంచి తీసేశారు. ఊరి పెద్ద దగ్గరకు వెళ్తే, "కాగితం మీద ఉన్నది కాగితం మీద ఉంది పిల్లా" అన్నాడు. ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ మారిపోయింది. గౌను ఒక్కటే నా దగ్గరుంది. బిహీ కొండ కింది మైదానంలో టమాటా షెడ్లలో పని చేస్తాడు. వచ్చి చూసి, "ఇక్కడ నీకు నీళ్లు పోసేవాళ్లు కూడా లేరు, పదండి" అన్నాడు. వెళ్లేముందు రోజే అడవి తెరిచినట్టు చాటింపు వేశారు.

పొద్దున్నే అందరితో పాటు నేనూ వెళ్లాను. మావైపు చెట్టు కింద రాళ్లు వరసగా పేరిస్తే ఆ కాయలు ఒకరివని గుర్తు, ఇంకొకరు లోపల చేయి పెట్టరు. లల్లా తూదా రెండు చెట్ల కింద ఆవిడ రాళ్లు అలాగే ఉన్నాయి. లోపల ఎండిన కాయలు మడమ లోతున రాలి ఉన్నాయి. ఒక్క కాయ ఎవరూ తీయలేదు. యమ్నా కొడవలిలా వంగి ఆ వరస పక్కనుంచి ఏరుకుంటూ పోతోంది, రాయి కదలకుండా జాగ్రత్తగా. నాకు అరవాలనిపించింది. ఆవిడ పేర్చిన రాళ్లకు ఇంత మర్యాద ఇస్తారు! ఆ రాళ్లు పేర్చిన చేతులకు ఇవ్వడానికి ఏమైంది మీకు? అరవలేదు. ఆవిడ వరసలోకి నేనే దిగాను. సాయంత్రం దాకా ఏరి, సంచీ నింపి, ఈడ్చుకుంటూ తెచ్చి ఆవిడ గుమ్మంలో పెట్టాను. తలుపు తట్టాను. తీయలేదు.

మర్నాడు పదింటికి మా బస్సు. ఆ దారినే వెళ్లింది. సంచీ నేను పెట్టిన చోటే ఉంది. ఎవరిదో మేక దాని మూతి లాగుతోంది, అదిలించడానికి కూడా ఎవరూ బయటికి రాలేదు. పొగగొట్టంలో పొగ లేదు. బస్సు ఆపమన్నాను. డ్రైవరు ఆపలేదు.

అప్పటినుంచి తొమ్మిది రోజులు. లల్లా తూదాకు ఫోన్ లేదు. యమ్నాకి చేస్తే ఎత్తదు. ఇక్కడ షెడ్లలో సెలవు లేదు. వెళ్లినా నేను తడితే ఆవిడ తీయదు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ కొండదారిన వెళ్లేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఇగీర్ దగ్గర దిగండి. సంఘంలోకి వెళ్లకండి. దాని వెనక కాలిబాట పట్టుకుంటే చివరి ఇల్లు, నీలం తలుపు, గుమ్మంలో సంచీ. గట్టిగా తట్టండి, చెవులు తక్కువ. నా పేరు చెప్పొద్దు. పొయ్యి వెలిగిందో లేదో చూడండి. తిన్నదో లేదో అడగండి, తిన్నానంటే నమ్మకండి, గిన్నెలు చూడండి. ఆవిడ చేతులు పైముసుగులో దాచుకుంటే నూనె కావాలని అడగండి. ఇస్తే, ఆవిడ చూస్తుండగా, ఆవిడ వేలి మీదనుంచే నాకండి.